ఒళ్ళు చేయని కొత్తల్లుడు

ఆ రోజుల్లో అంటే మరీ తాతలనాటి మాటేమీ కాదు, మా పెళ్ళయిన కొత్తలో. చేతుల్లో ఫోన్లూ, ఫోన్లలో వంటల వీడియోలూ అన్నీ వచ్చేసిన కాలమే. అయినా మా విజయనగరం, శ్రీకాకుళం వైపు ఒక కొత్త కాపురం ఎలా సాగుతోందో తెలుసుకోవాలంటే ఎవరూ ఫోన్ చేసేవారు కాదు. పెళ్ళికొడుకు చెంపల వంక చూసేవారు. మూణ్ణెల్లు తిరిగేసరికి అతగాడు కాస్త ఒళ్ళు చేసి, పెళ్ళినాటి చొక్కా గుండీలు బిగుసుకున్నాయంటే పిల్ల బంగారం. లేదంటే ఏమవుతుందో నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదనుకుంటాను. ఎందుకంటే మా ఆయన, అదే మా బావ (ఏదో దూరపు వరసలెండి, పెళ్ళిచూపులనాడే మా నాయనమ్మ తవ్వి తీసింది) మూణ్ణెల్లకల్లా పెళ్ళిచొక్కాలో ఇంకొకరికి చోటిచ్చేలా తయారయ్యాడు.

కారణం నా వంట కాదు, ట్రయథ్లాన్. ముందు ఈత, ఒంటిమీద తడి ఆరకముందే సైకిలు, సైకిలు దిగిన కాళ్ళతోనే పరుగు. మధ్యలో కూర్చోవడం, కాఫీ తాగడం లాంటివి ఉండవు. కరెంటాఫీసులో ఇంజినీరు ఉద్యోగం చేసుకునే మనిషికి ఈ పిచ్చి పట్టించింది ఊరి చివర మామిడితోటలో ఉండే ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఆయన తోటలోని నేలబావిలో మా బావ గుండ్రంగా గంటసేపు ఈదేవాడు. (మొదటిరోజు గట్టు మీద కూర్చుని చూసిన నాకే కళ్ళు తిరిగాయి.) మా అత్తగారికి ఇదంతా ఎన్నిసార్లు విడమరిచి చెప్పినా ఆవిడ ఇరుగుపొరుగుకి చెప్పేది ఒకటే మాట: "మావోడు ఏదో పరీచ్చ కడతన్నాడమ్మా. మూడు పేపర్లూ ఒక్కరోజే అంట."

ఆ తెల్లవారుజాములు తలుచుకుంటే ఇప్పటికీ ఏదో కలలో జరిగినట్టే ఉంటుంది. బావ రామతీర్థం రోడ్డున పరిగెత్తేవాడు, నేను స్కూటీ మీద నీళ్ళసీసా పెట్టుకుని వెనకాలే నెమ్మదిగా వెళ్ళేదాన్ని. రోడ్డు మీద మంచు, మంచులో మామిడిపూత వాసన. ఎదురుగా కొండ ఉందని తెలుసు కానీ కనపడేది కాదు. కాసేపటికి శిఖరం ఒక్కటే తేలేది, కింద భాగం ఇంకా నిద్రలోనే ఉన్నట్టుండేది. నేను నిన్నటి కబుర్లన్నీ చెబుతుంటే, ఆయాసంతో మాట్లాడలేక ఆయన ప్రతిదానికీ ఊఁ కొట్టేవాడు. మొగుడు ఎదురు చెప్పకుండా గంటసేపు ఊఁ కొట్టే అదృష్టం ఎంతమందికి పడుతుంది చెప్పండి. తిరిగొచ్చాక చెంబుడు చోడి అంబలి (రాగిజావలెండి), ఓ అరడజను గుడ్లు, వాటి మీద నేను ఇద్దరికని వండిన టిఫిను మొత్తం ఆయనే లాగించేసేవాడు. అవన్నీ ఎక్కడికి పోయేవో ఆ రామతీర్థం రాముడికే తెలియాలి.

ఆషాఢం ఇంకా రాకముందు, చుట్టాల పిల్లాడికి పుట్టువెంట్రుకలు తీయిస్తున్నామని అందరూ శ్రీముఖలింగంలో కలిశారు. మా అమ్మా నాన్నా ఆమదాలవలస నుంచి వచ్చారు. మా అత్తగారి అక్క కూడా వచ్చింది. ఆవిడ నాకు పెద్దత్త. చుట్టాల్లో ఎవరి తగువైనా చివరికి ఆవిడ దగ్గరే తెగుతుంది కనుక అందరూ చాటుగా కలెక్టరమ్మ అంటారు. వంశధారలో అప్పటికి మోకాలి లోతు నీళ్ళు కూడా లేవు. అందరూ చెంబులతో పోసుకుని స్నానాలయ్యాయనిపిస్తుంటే, మా బావ ఒక్కడూ ఈదడానికి నీళ్ళు వెతుక్కుంటూ ఇసుకలో చాలాదూరం వెళ్ళి, ఎండకి నల్లబడి తిరిగొచ్చాడు. ఆ అవతారంతోనే వచ్చి పంక్తిలో కూర్చున్నాడు. పోనీ పెట్టింది తిన్నాడా అంటే, పెద్దత్త స్వయంగా వడ్డిస్తున్న బూరెలకి విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, "మాస్టారు నూనె వద్దన్నారు పెద్దమ్మా" అన్నాడు. నా ఖర్మ అక్కడే కాలింది.

పెద్దత్త బూరెల గిన్నె కిందపెట్టి నా వైపు తిరిగింది. "ఏటే అమ్మీ, మావోడికి తిండెట్టట్నేదేటి?"

"పెడతన్నాను పెద్దత్తా. ఇద్దరి తిండి తింటన్నాడు" అన్నాను.

"మరా తిన్నది ఎక్కడికెల్లిపోతందే? మెడకాడ ఎముకలు సూడు."

నేను ఓపిగ్గా ట్రయథ్లాన్ సంగతి చెప్పాను. ఆవిడ అంతకన్నా ఓపిగ్గా విన్నది. విని, "అంత పరుగేటి? కుక్కలేటైనా తరుముతన్నాయా?" అని బావని అడిగి, జవాబు కోసం చూడకుండా తీర్పు చెప్పేసింది. "ఆషాడం వస్తన్నాది. ఎలాగూ పిల్లని పుట్టింటికి అంపుతారు కదా, దసరా దాకా అక్కడే ఉండనియ్యండి. వంటా వార్పూ నేర్సుకుని వస్తాది. ఈలోపు గుంటడు వాళ్ళమ్మ సేతి కూడు తిని మనిసవుతాడు."

మా అమ్మ మొహం ఎంత చిన్నబోయిందంటే, ఆవిడ విస్తట్లో పప్పన్నం అలాగే ఉండిపోయింది. ఆషాఢం నెల్లాళ్ళు విడిగా ఉండడానికి నేను ఎలాగో మనసు గట్టి చేసుకున్నాను కానీ, దసరా దాకా అనేసరికి విస్తరి చాటున వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకున్నాను. పెళ్ళయి నాలుగు నెలలైనా నిండలేదు. అప్పుడప్పుడే మేమిద్దరం ఒకరికొకరం అలవాటవుతున్నాం. వంట రాని పిల్లని వెనక్కి పంపించారన్న పేరు ఒకసారి వస్తే, ఈ రైలు లైను పొడుగునా ఉన్న చుట్టాల్లో అది చెరగడానికి తరం పడుతుంది.

అలా ఆషాఢం మొదట్లో నేను ఆమదాలవలస చేరాను. (నా ఉద్యోగం ల్యాప్‌టాప్‌లోనే ఉండేది కనుక అదీ నాతోపాటే పుట్టింటికి వచ్చింది.) బావ అద్దింటికి తాళం వేసి, రెండు వీధుల అవతలున్న వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయాడు. మా అమ్మ పంతం పట్టి, నాకు వచ్చిన వంటలే మళ్ళీ మొదటినుంచీ నేర్పడం మొదలుపెట్టింది. "నాకు వచ్చే కదమ్మా" అంటే, "వచ్చినట్టు అల్లుడి చెంపలు సెప్పాలి కదే" అనేది. ఆ వారమంతా ముసురు. కిటికీలోంచి వాన చూస్తూ, విజయనగరం వైపు పోయే ప్రతి రైలుకీ మనసులో ఎక్కి కూర్చునేదాన్ని.

ఆదివారం పొద్దున్న వీధిలో ఏదో కలకలం వినబడి బయటికి వచ్చాను. ఒంటికి అతుక్కున్న నిక్కరు, నెత్తిన హెల్మెట్టు, మోకాళ్ళదాకా బురదతో మా బావ సైకిలు దిగుతున్నాడు. విజయనగరం నుంచి డెబ్బై కిలోమీటర్ల పైమాటే. మా నాన్న సంతోషంతో "రండి బాబూ, లోపలికి రండి" అనేసి నాలిక కరుచుకున్నాడు. ఆషాఢంలో కొత్తల్లుడు అత్తవారి గడప తొక్కకూడదు, అత్తగారి ఎదుట పడకూడదు. లోపల్నుంచి అప్పటికే మా అమ్మ గొంతు వినబడుతోంది: "గడప తొక్కనీకండి. గడప తొక్కనీకండి." ఏం చెయ్యాలో తోచక నాన్న కాసేపు ఆలోచించి, శాస్త్రం గడప గురించి చెప్పిందే కానీ వీధి గురించి చెప్పలేదని తేల్చాడు. ఎదురుగా కిరాణా షావుకారు అరుగు ఉంది. అల్లుడికి దాని మీద చాప పడింది.

ఇక అక్కడ జరిగిన మర్యాదలు మా వీధివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అమ్మ కిటికీ వెనకాల, అల్లుడు వీధి అవతల, మధ్యలో పళ్ళెం పట్టుకుని నేను. "బాబుకి ఇంకో దిబ్బరొట్టె ముక్క ఎయ్యవే" అని కిటికీ అనేది. "చాలు అత్తయ్యా" అని బావ ఆకాశం వైపు చూసి చెప్పేవాడు, ఎందుకంటే కిటికీ వైపు చూడొచ్చో లేదో ఆయనకి తెలియదు. అది అమ్మకి వినబడదేమోనని షావుకారు కొట్లోంచి గట్టిగా అందించేవాడు: "సాలంటన్నారమ్మా. కానీ మొహమాటంలాగున్నాది, ఎట్టీండి." తినడం అయ్యాక స్టేషను దాకా నేనూ వెళ్ళాను. సన్నటి తుంపర. సైకిలుకి అటు ఆయన, ఇటు నేను. ఆ నడక ఎంతసేపు సాగితే అంత బాగుండుననిపించింది. "ఇంత దూరం ఎందుకు బావా" అంటే, "ట్రైనింగేనే. ప్లాన్‌లో ఉన్నాది" అన్నాడు. ముందు చక్రం ఊడదీసి సైకిలుతో సహా ప్యాసింజరెక్కి వెళ్ళిపోయాడు. మరుసటి ఆదివారం జోరువానలో వచ్చాడు. ఆ తరవాతి ఆదివారమూ వచ్చాడు. ఎవరు అడిగినా నేను గొప్పగా చెప్పేదాన్ని, "నాకోసం కాదండీ, ట్రైనింగు" అని.

ఈలోగా విజయనగరంలో కేసు తిరగబడింది. నా చేతి తిండి మాని, తల్లి చేతి తిండి తింటూ కూడా మనిషి ఇంకా చిక్కిపోయాడు. పెద్దత్త తనిఖీకి వచ్చి చూసి నిర్ఘాంతపోయిందట. "ఏటే సెల్లీ, ఈడిలాగైపోనాడేటి?" అని అడిగితే, మా అత్తగారు ఏడుపుమొహంతో, "నానేటి సేతునక్కా, కుండడు కూడు తింటన్నాడు. ఆదివారం వస్తే తెల్లారకుండా సైకిలెక్కి ఆమదాలవలస ఎల్లిపోతన్నాడు" అందట. పెద్దత్త బావని వెలుతురు వైపు తిప్పి మొహం పరీక్షగా చూసిందట. తరవాత నెమ్మదిగా, "ఇది తిండి సంగతి కాదే. బెంగ. పెళ్ళాం మీద బెంగెట్టుకున్నాడు గుంటడు. అవునేటిరా?" అని అడిగింది.

బావ ట్రయథ్లాన్ అని నోరు తెరవబోయి ఆగిపోయాడు. తల దించుకుని, "అవును పెద్దమ్మా" అన్నాడు.

అంతే, పాత తీర్పు రద్దయిపోయింది. శ్రావణం మొదటిరోజునే పిల్లని పంపించమని మా నాన్నకి ఫోను. మా అమ్మకి పోయిన పరువు వడ్డీతో సహా తిరిగొచ్చింది. ఆ సాయంత్రం బావ ఇదంతా ఫోన్‌లో చెబుతుంటే నేను కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాను. "భలే అబద్ధం చెప్పావు" అన్నాను. ఆయనా నవ్వాడు. కానీ దాని ఫలితం ఆయనే పడ్డాడు. మరదళ్ళందరూ బెంగబాబు అని పేరు పెట్టారు. ఆఫీసులో ఎవరైనా ఊరెళ్తుంటే, "సార్‌ని కూడా ఆమదాలవలసలో దింపెయ్యండి" అనేవారట. పోనీ నిజం చెప్పేద్దామా అంటే, "వద్దులేవే. నీ మీద మాట పోయింది కదా, అది సాలు" అన్నాడు.

శ్రావణంలో తాటిపూడి రిజర్వాయరు దగ్గర ఆ పోటీ జరిగింది. చుట్టూ కొండల మీద మబ్బులు, మబ్బుల నీడలు నీళ్ళమీద. అత్తగారు, పెద్దత్త, మా అమ్మానాన్నా క్యారేజీలతో సహా వచ్చి గట్టు మీద కూర్చున్నారు. బావ ఈతలో బాగానే ఉన్నాడు. సైకిలు మీద ఇంకా బాగున్నాడు. పరుగు దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు పట్టేశాయి. పరిగెత్తాడు, నడిచాడు, కుంటుకుంటూ సాగాడు. దాదాపు అందరూ అయిపోయాక వచ్చాడు. ఆఖరున వచ్చేవాడికి అందరూ లేచి చప్పట్లు కొడతారు కదా, అది చూసి పెద్దత్త, మావోడు గెలిచాడని అక్కడున్న వాళ్ళందరికీ బూరెలు పంచేసింది.

డ్రిల్లు మాస్టారు మాత్రం కోపంగా నా దగ్గరికి వచ్చారు. "సూడమ్మా, నువ్వైనా సెప్పాల్సింది. వారమంతా ఒళ్ళు హూనం సేసుకుంటాడు, ఆదివారం ఒక్కరోజు మంచం దిగొద్దని మరీ మరీ సెప్పాను. విశ్రాంతి లేకపోతే కాళ్ళు ఏటవుతాయి? ఆదివారం వస్తే ఎక్కడికో మాయమైపోయీవాడు. ఎక్కడికెల్లీవాడో నీకేటైనా తెలుసా?"

నా చూపు గట్టు మీద బూరెలు పంచుతున్న పెద్దత్త మీద పడింది. ఆ పల్లెటూరి పెద్దావిడకి ఏమీ తెలియదని నెలరోజులు నవ్విన దాన్ని, చదువుకున్న దాన్ని, అందరికీ ట్రైనింగు ట్రైనింగు అని చెప్పిన దాన్ని. ఆవిడ ఒక్కసారి మనిషిని చూసి చెప్పింది నిజం. బావ గట్టు మీద కూలబడి పిక్కలు నొక్కుకుంటున్నాడు. వెళ్ళి పక్కన కూర్చుని, "ఆదివారాలు రెస్టు తీసుకోమన్నారటగా" అన్నాను. నా వైపు చూడకుండా నీళ్ళవైపు చూస్తూ, "నీకాడికొస్తే అదే రెస్టు కదేటి" అన్నాడు. ఆయన చేతులు తప్పించి ఆ పిక్కలు నేనే నొక్కడం మొదలుపెట్టాను.

ఇది జరిగి ఏళ్ళయింది. ఇప్పుడు మా బావకి చెంపలు వచ్చాయి, పొట్టా వచ్చింది, సైకిలు పాలప్యాకెట్ల దాకా వెళ్ళొస్తోంది. మొన్నామధ్య నేను అమ్మ దగ్గరికి వెళ్ళి ఓ వారం పది రోజులుండి తిరిగొచ్చాను. తలుపు తీసిన మనిషిని గుమ్మంలోనే నిలబెట్టి, వెలుతురు వైపు తిప్పి, చెంపలు రెండూ పరీక్షగా చూశాను. ఎక్కడా వీసమెత్తు తగ్గలేదు. "ఏటే అలా సూస్తన్నావు" అంటే ఏమీ లేదన్నాను కానీ, ఆ పూటంతా నాకు మనసులో కాస్త చివుక్కుమంటూనే ఉంది.