పదకొండు రోజుల సీసా

మా ఆసుపత్రి ల్యాబులో ఆమెను అందరూ రంగులమ్మ అంటారు. ఆపరేషన్లలో తీసిన ముక్కల్ని, కుళ్లకుండా కాపాడే ఫార్మలిన్ ద్రవపు సీసాల్లోంచి తీసి, మైనపు దిమ్మల్లో పెట్టి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గాజు స్లైడ్ల మీద రంగులు పట్టించడం ఆమె పని. డాక్టరుగారు వాటిని మైక్రోస్కోపులో చూసి చెబితే రిపోర్టు టైపు చేయడం నా పని. పద్దెనిమిదేళ్లుగా ఒకే గదిలో ఎదురెదురు బల్లల దగ్గర కూర్చుంటున్నాం.

ఆమెతో పనిచేయడం అంత తేలిక కాదు. రంగు తప్పకుండా పడుతుందని ముందే తెలిసిన ముక్కనొకదాన్ని ప్రతి విడతలోనూ పెడుతుంది. దానికి రంగు పట్టకపోతే మిగతా ఇరవై స్లైడ్లు ఎంత బాగా వచ్చినా చెత్తబుట్టలో పారేసి మళ్లీ మొదలుపెడుతుంది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నేను విసుక్కునేవాణ్ణి. రిపోర్టు ఆలస్యమైతే ఫోనులో తిట్లు తినేది నేనే మరి.

ఆమెకు రెండుసార్లు కడుపు పోయింది. మొదటిది వేరే ఆసుపత్రిలో, మూడో నెలలో. రెండోది ఎనిమిదేళ్ల క్రితం మా ఆసుపత్రిలోనే, అయిదో నెలలో. ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేదు. చెప్పింది అత్తగారొక్కతే. "దాని ఒళ్లు బిడ్డను ఒప్పుకోదు" అని వచ్చినవాళ్లకీ పోయినవాళ్లకీ చెప్పేదట, అదీ కోడలికి వినబడేలా. మొగుడు పేపరు వెనకాల తల దాచుకునేవాడట. ఇవన్నీ రంగులమ్మ నాతో ఒక్కసారే చెప్పింది, అదీ స్లైడ్లు తుడుస్తూ. నాకు ఒళ్లు మండిపోయింది గానీ ఏం చేయగలను?

పోయినేడు డాక్టరుగారు కణితుల మీద ఒక పరిశోధన మొదలుపెట్టారు. దానికోసం కొత్త రంగు మందు తెప్పించారు. టీ తాగుతూ అదేమిటో మాకు వివరించారు. బిడ్డలో సగం తండ్రిది కాబట్టి తల్లి ఒంటికి బిడ్డ సగం పరాయివాడే. ఒంట్లోని కాపలా కణాలు పరాయివాణ్ణి తరిమేయాలి. కానీ బిడ్డతో పాటు పెరిగి గర్భసంచిలోకి చొచ్చుకువెళ్లే మాయ కణాలు తమ పైన హెచ్‌ఎల్ఏ-జి అనే అణువును తొడుక్కుంటాయి. దాన్ని చూసి కాపలా కణాలు వెనక్కి తగ్గుతాయి. కడుపు నిలవని కొందరిలో అది తక్కువగా ఉందని కొన్ని పరిశోధనలు అంటున్నాయి, ఇంకా తేలలేదు. తమాషా ఏమిటంటే కొన్ని కణితులు కూడా అదే తొడుక్కుని, ఒంట్లో ఎవరికీ దొరక్కుండా పెరుగుతాయట. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా?

రంగులమ్మ గ్లాసు కింద పెట్టింది. "ఆ అణువును తయారుచేసేది తల్లి కణాలా సార్, బిడ్డ వైపు కణాలా?" అని అడిగింది. మాయ కణాలంటే బిడ్డ వైపువేనని ఆయన చెప్పారు. ఆమె ఆ రోజు ఒకే గ్లాసును రెండుసార్లు కడిగింది.

ఆమెకు రెండోసారి పోయిన కడుపు తాలూకు మాయ ముక్క మైనపు దిమ్మలో మా బీరువాలోనే ఉంది. దాని మీద ఆ రంగు వేసి చూడాలి, అంతే ఆమెకు కావలసింది. బిడ్డ వైపే ఆ అణువు లేదని తేలితే అత్తగారి నోరు మూతపడుతుంది. ఒక్క స్లైడు, నాలుగు చుక్కల మందు. దానికి నాలుగు నెలలు తిప్పారు. ఒక దరఖాస్తు, ఒక కమిటీ, పాత ఫారం చెల్లదని కొత్త ఫారం. చివరికి పేషెంటుగా ఒక సంతకం, టెక్నీషియనుగా ఇంకో సంతకం ఆమె చేతే పెట్టించుకున్నారు. ఆ కాగితాలన్నీ టైపు చేసి చేసి నా వేళ్లకంటే ముందు నా ఓర్పు అరిగిపోయింది.

అనుమతి వచ్చి రంగు వేసిన రోజు కణితి స్లైడు ముదురు గోధుమరంగులో నిగనిగలాడింది. రంగు పడుతుందని ముందే తెలిసిన మాయ ముక్కా బాగా వచ్చింది. రంగులమ్మ స్లైడులో మాత్రం గోధుమరంగు చుక్కయినా లేదు. ఉండకూడని చోట ఉండి, ఉండాల్సిన చోట లేకపోయింది.

"లేదు అని రాయండి" అన్నారు డాక్టరుగారు నాతో, మెల్లగా.

"ఆగన్నయ్యా" అంది రంగులమ్మ. అదే దిమ్మలోంచి ఆమె ఇంకో స్లైడు చేసింది. ఎలాంటి మాయ ముక్కకైనా పట్టి తీరే మామూలు రంగు దానికి వేసింది. అది కూడా వెలవెలబోయింది. అప్పుడు పాత రిజిస్టరు తీసి, ముక్క ఫార్మలిన్‌లో పడిన తేదీ, బయటికి తీసిన తేదీ చూపించింది. మధ్యలో పదకొండు రోజులు. ముక్క ఒక రోజు నానితే చాలు, మహా అయితే రెండు. అంతకు మించి నానితే బిగుసుకుపోయి, ఉన్న అణువు కూడా రంగుకు దొరకకపోవచ్చు.

"అయినా రాసుకుందామమ్మా. మీకు మనశ్శాంతి" అన్నారు డాక్టరుగారు.

"లేకపోవడం వేరు, కనబడకపోవడం వేరు సార్. ఇంకొకరి స్లైడయితే నేను పారేసేదాన్ని. చెప్పలేం అని రాయన్నయ్యా."

రాశాను. ఎనిమిదేళ్ల ఎదురుచూపుకి ఒక్క ముక్కలో జవాబు.

సీసాల్లోంచి ముక్కలు తీసేది ఆమే కదా. కడుపు పోయాక ఆ పదకొండు రోజులూ ఆమె మంచం మీద ఉంది. మిగతా సీసాలను మావాళ్లు తలా కొన్ని పంచుకున్నారు. ఆమె సీసా దగ్గరికి వచ్చేసరికి ఎవరికి వారే యమునాతీరే. పన్నెండో రోజున ఆమె పనిలోకి వచ్చి, తన సీసా మూత తనే తీసుకుంది.

రిపోర్టు రాసిన మర్నాడు నాచేత రిజిస్టరులో కొత్త గడి ఒకటి గీయించింది. టెక్నీషియను సెలవులో ఉంటే ముక్క తీయాల్సింది ఎవరు అని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, కానీ ఆ ఆకులు ఇంకొకరికైనా పనికొస్తాయి. అందులో ఎవరి పేరు పెట్టమంటావని అడిగింది. నా పేరే రాశాను. ఇక దాచలేక చెప్పేశాను.

"ఆ సీసా రోజూ నా కళ్లెదురుగానే ఉందమ్మా. ఎవరో ఒకరు చూసుకుంటార్లే అనుకున్నాను."

ఆమె స్లైడు మీంచి తల ఎత్తలేదు.

"తెలుసన్నయ్యా. నేను వచ్చేసరికి అది నీ కాగితాల కట్ట వెనక్కి జరిపి ఉంది."