మెయిల్లో పట్టని పగులు

అచ్యుతాపురంలో మా ఫ్యాక్టరీ ఆవిరి పైపుకి అతుకు దగ్గర పగులు వచ్చింది. పైపు మార్చాలంటే హెడ్ ఆఫీసు ఒప్పుకోవాలి, వాళ్లకి ఫొటోలు కావాలి. ఆ సెగలో నిచ్చెనెక్కి, దగ్గర్నుంచి తీసి మెయిల్ పెట్టాను. సైజు ఎక్కువైందని తిరిగొచ్చేసింది. ఒక్కొక్కటిగా పంపితే, అన్నీ ఒకే మెయిల్లో ఉంటే తప్ప చూడబోమన్నారు. పక్క సీటాయన విసుక్కున్నాడు.

"ఏటి బావా, ఇంకా దాంతోనే కుస్తీ పడతన్నావా? సిన్నవి సేసి పంపెయ్."

చేశాను. అవీ వెళ్లలేదు. ఇంకా చిన్నవి చేస్తే వెళ్లాయి. సాయంత్రానికి జవాబొచ్చింది: "ఫొటోల్లో పగులేమీ కనబడటం లేదు. పైపు మార్చనక్కర్లేదు."

ఆ దిక్కుమాలిన సైజు రూలు మాకే గానీ వాళ్లకి లేదు కాబోలు. ఆ వెనకే భద్రతా వారోత్సవాల శుభాకాంక్షలంటూ అక్కణ్ణుంచి అందరికీ మెయిల్ వచ్చింది. అందులో కొత్త హెల్మెట్ పెట్టుకుని నవ్వుతున్న పెద్ద సారు ఫొటో. అది తెరవడానికే మా కంప్యూటర్ ఆయాసపడిపోయింది. తీరా తెరుచుకున్నాక చూస్తే, ఆయన పళ్ల సందులో ఇరుక్కున్న కొత్తిమీర కూడా తేటగా కనిపించింది.