నలభై మందికే చోటు

2023లో, సిడ్నీ పారమట్టాలో స్ట్రక్చరల్ ఇంజనీరుగా పనిచేస్తుండగా నాకొక చర్చి ఫైలు వచ్చింది. దగ్గర్లోనే ఉన్న పాత ఇటుకల చర్చి. ఆదివారం వచ్చేవాళ్ళు రానురాను తగ్గిపోయి, బిషప్ అమ్మకానికి పెట్టేశాడు. దేశంలో క్రైస్తవులు సగానికన్నా తగ్గారని, 'ఏ మతమూ లేదు' అన్నవాళ్ళు బాగా పెరిగారని అంతకు ముందే పేపర్లు రాశాయి. మా ఆఫీసుకి ఆ వార్త మరోలా అందింది: చర్చిల ఫైళ్ళు ఎక్కువయ్యాయి.

అమ్మేముందు చివరి ఆరాధన అక్కడే జరుపుకోవాలని వాళ్ళ కోరిక. చెక్క నేల కుంగినట్టుంది, జనం నిలబడవచ్చో లేదో చెప్పాలి. నేను కాదంటే తలుపులకు తాళం. ఆరాధన పక్క స్కూలు హాల్లో, బాస్కెట్‌బాల్ గీతల మీద.

మాకు తలుపు తీసింది మార్గరెట్. ఎనభై దాటిన మనిషి, చర్చి బాగోగులు చూసే వార్డెన్. ఆవిడ పెళ్ళి అక్కడే, భర్త అంత్యక్రియలూ అక్కడే. "మేడమ్" అన్నాను.

"మేడమ్ ఏంటి, నేనేం స్కూల్ ప్రిన్సిపాల్‌నా? మార్గరెట్ అను, లవ్."

ఎవరినైనా 'లవ్' అనడం ఇక్కడి పెద్దావిడలకి అలవాటు. నాకేమో ఆ వయసావిడని పేరుపెట్టి పిలవడానికి ఇప్పటికీ నోరు రాదు. తనిఖీ మొత్తం ఏ పిలుపూ లేకుండానే నడిపించాను.

నా సహోద్యోగి రవీందర్, కరీంనగర్ మనిషి, నేల కింద దూరి బేరర్లు చూశాడు. బేరర్లంటే నేలని మోసే చెక్క దూలాలు.

"అన్నా, వెనక సగం మొత్తం చెదలే. స్క్రూడ్రైవర్ పెడితే కేక్ లెక్క దిగిపోతాంది."

"ముందు సగం?"

"ముంగట ఓకే. మనుషుల అటెండెన్స్ తగ్గిందేమో గానీ, చెదలు మాత్రం రెగ్యులర్‌గ వస్తున్నయ్."

మార్గరెట్‌కి సంగతి చెప్పాను.

"మేం వచ్చేది పదిమందిమే, శ్రీనీ. మా మట్టుకే లెక్క వెయ్యకూడదా?"

లైవ్ లోడ్ అని ఒకటుంటుంది: నేల మీదకి వచ్చిపోయే మనుషుల బరువు. ఇలాంటి చోట్లకి దాన్ని లెక్కకట్టేటప్పుడు, నిజంగా వచ్చేది ఎందరని మా కోడ్, అంటే భవనాల నిబంధనల పుస్తకం, అడగదు. కిక్కిరిసి ఉంటుందనే అనుకుంటుంది. అదే వివరించాను.

ఆవిడ ఖాళీ బెంచీల వైపు చూసింది. "అయితే మీ కోడ్‌కి మా బిషప్ కన్నా విశ్వాసం ఎక్కువే."

చివరికి ఇలా రాశాను: వెనక సగం మూసెయ్యాలి, ముందు సగంలో నలభై మందికి మించకూడదు, అదీ ఆ ఒక్కరోజుకే. చదివి మార్గరెట్ నవ్వింది. "నలభయ్యా? మిగతావాళ్ళని నేనెక్కణ్ణించి తేను?"

ఆ చివరి ఆరాధనకి నన్నూ పిలిచింది. వెళ్ళాను, సగం మర్యాదకి, సగం నేల మీద అనుమానంతో. చూస్తే చర్చి ముందు పచ్చికంతా జనం. ఆవిడ మనవడు ల్యూక్, చిన్నప్పుడు అతనితో అక్కడ సండేస్కూలుకి వచ్చిన స్నేహితులు, వాళ్ళ పిల్లలు.

"నాకు మతం గితం లేదు, మేట్," అన్నాడు ల్యూక్. "కానీ నా బాప్టిజం ఇక్కడే అయింది. పైగా రాకపోతే గ్రానీతో ఎవరు పడతారు?"

మార్గరెట్ తలుపు దగ్గర నిలబడి లెక్కపెడుతోంది. నలభై కాగానే చెయ్యి అడ్డం పెట్టింది. తీరా చూస్తే ప్రతి ఆదివారం వచ్చే ముసలివాళ్ళందరూ ఆవిడతో పాటు బయటే ఉన్నారు.

"మీరు లోపలికి వెళ్ళరా?" అన్నాను. "చివరిసారి కదా."

"మేం ఇన్నేళ్ళూ లోపలే కూర్చున్నాం, లవ్. రానివాళ్ళు వచ్చారు. వాళ్ళని కూర్చోనీ."

ల్యూక్ లేచి వచ్చాడు. "గ్రానీ, నా సీటు తీసుకో."

"నువ్వు కూర్చో. గోడలు ఓసారి సరిగ్గా చూసుకో."

పాట మొదలైంది. లోపలివాళ్ళకి పాటలోని మాటలు తెలియవు. బయటివాళ్ళు తెరిచిన కిటికీల్లోంచి అందించారు.

నేల ఎంతమందిని మోస్తుందో చెప్పడం వరకే నా ఉద్యోగం. ఎవరిని మొయ్యాలన్నది నా రిపోర్టులో లేదు. అది ఆవిడ చూసుకుంది. అప్పట్నుంచి ఏ భవనానికైనా పరిమితి రాయాల్సి వస్తే, అంకె వేసే ముందు ఒకటి అడుగుతున్నాను: తలుపు దగ్గర నిలబడేది ఎవరు?