డెబ్బై రెండో మెట్టు

పంజాబులోని గోయిందవాల్ మెట్లబావికి ఎనభై నాలుగు మెట్లు. నీటి అంచున ఉన్న మెట్టు మీద కూర్చుని గురునానక్ ప్రార్థన జపుజీ మొత్తం చదవాలి, దిగి మునగాలి, ఒక మెట్టు పైకి జరగాలి. పైకి పోయేకొద్దీ నీళ్లు దూరమవుతాయి. మధ్యలో వదిలి వెళితే మళ్లీ అడుగు నుంచే. పూర్తిచేస్తే ఎనభై నాలుగు లక్షల జన్మల చక్రం తెగుతుందంటారు.

సిక్కుల మూడో గురువు అమర్‌దాస్ తవ్వించిన బావి ఇది. ఏ కులం వాళ్లైనా ఈ నీళ్లే తాగాలన్నారు. ఎంతటివాడైనా అందరితో ఒకే వరుసలో కూర్చుని తిన్నాకే తనను చూడాలన్నారు. బచింత్ కౌర్ యాభై ఏళ్లుగా ఇంట్లో తినడానికి కూర్చున్న వరుసలకు రొట్టెలు కాల్చింది. తను వరుసలో కూర్చున్న రోజు గుర్తులేదు.

ఈ మెట్ల మీద మొదటిసారి కూర్చున్నప్పుడు ముప్పయ్యో మెట్టు మీద పురిటినొప్పులు వచ్చాయి. రెండోసారి యాభై ఎనిమిదో మెట్టు మీద, మామగారు పడిపోయారని కబురు. ఇప్పుడు అరవై ఎనిమిదేళ్లు. నిన్న పొద్దున కూర్చుంది. ఈ మధ్యాహ్నానికి డెబ్బై ఒకటి అయ్యాయి. మోకాళ్లు చెక్కముక్కల్లా ఉన్నాయి.

మునిగి వస్తుంటే తోడుగా వచ్చిన తోడికోడలు జస్మేర్ ఫోను పట్టుకుని ఎదురొచ్చింది.

"బచింతూ, ఉన్నావా, తేలిపోయావా? ఇంటి నుంచి నీ కోడలు ఫోను. గేదెకు నొప్పులట. ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదట."

"పశువుల డాక్టరు లేడా అక్కా?"

"ఆయన్నే కుమ్మింది! దానికి నువ్వే కావాలి. నీ మోక్షం కోసం అది కడుపులో దూడను ఆపుకుంటుందా?"

బచింత్ పైకి చూసింది. ఇంకా పదమూడు మెట్లు. ఆపైన చిన్న వెలుగు.

"పైన మూటలో నిన్న కప్పుకొచ్చిన దుపట్టా ఉంది. పాలు పితికి అలాగే వచ్చేశా, ఉతకలేదు. కప్పుకుని నువ్వు వెళ్లు. వాసన చూసి నేననుకుంటుంది."

"నలభై ఏళ్లు నీ వాసన పడక వేరే పొయ్యి పెట్టుకున్నాను. ఇప్పుడు నెత్తినెక్కిస్తున్నావా!" అంది జస్మేర్. అయినా గొణుక్కుంటూ మెట్లెక్కింది.

బచింత్ డెబ్బై రెండో మెట్టు మీద కూర్చుంది. నోరు చదువుతోంది, చేతులు దూడ కాళ్లు పట్టుకుని లాగుతున్నాయి. సగంలో తెలిసింది, ఏ పాదం చదువుతోందో తెలియడం లేదని. కళ్లు మూసుకుని మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ కొట్టం, తడిగడ్డి, కోడలి కేక.

మూడోసారి మొదటి మాట నుంచి ఎత్తుకుంది. ఈసారి మాత్రం ఇంటికని లేవలేదు.