కంప్యూటరుకు గాలి కొట్టించిన రోజు

ఆ రోజుల్లో ఏ వస్తువుకైనా గుడ్డ కప్పి ఉంచడమే దానికి మనం చేసే మర్యాద అనుకునేవాళ్ళం. బేతంచెర్లలో బండల పాలిషు ఫ్యాక్టరీ ఆఫీసులో నాకు మొదటి ఉద్యోగం దొరికినప్పుడు, నా కంప్యూటరు పెట్టెకు కుచ్చులు పెట్టి మరీ తొడుగు కుట్టాను (వెనకవైపు గాలి కన్నాలు అందవికారంగా ఉన్నాయని వాటినీ మూసేశాను). ఆర్నెల్లు తిరక్కముందే ఆ పెట్టె పాత జీపులా రొద చేస్తూ పది నిమిషాలకోసారి ఆరిపోవడం మొదలుపెట్టింది. కర్నూలు నుంచి వచ్చిన మెకానిక్కు దాన్ని తట్టి చూసి, లోపల బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండని చెప్పి వెళ్ళిపోయాడు. మా యజమాని పెద్దాయన, కంప్యూటరూ వద్దు, ఆ పిల్లా వద్దు, చేతిరాతే మేలని గుమాస్తాతో అనడం నా చెవిన పడింది.

మర్నాడు పొద్దున రాయచోటికి పోవాల్సిన లారీ బండలెత్తుకుని గేటు దగ్గర నిలబడింది. దాని కాగితాలు సగం టైపు చేసేసరికి పెట్టె ఆరిపోయింది. మూడుసార్లు అదే వరస. నాలుగోసారి నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. తొడుగు పీకేసి, వైర్లు తీసేసి, స్క్రూలు విప్పి పక్క రేకు ఊడదీశాను. లోపలి చిన్న ఫ్యాను రెక్కలకు రాతిపొడి అట్టలు కట్టి ఉంది. ఫ్యాను విప్పి పైకెత్తితే, కింద వేడిని లాగే అల్యూమినియం పలకల సందులన్నీ సున్నం మెత్తినట్టు పూడుకుపోయి ఉన్నాయి. బోర్డుకేమీ కాలేదు, పాపం దానికి ఊపిరాడలేదంతే. రంగులేసే కుంచెతో రుద్దితే పైపొడి రాలింది గానీ లోపలిది కదల్లేదు.

పెట్టెను రెండు చేతులా ఎత్తుకుని రోడ్డు దాటి, పంక్చర్ల చాచా కొట్టుకు పోయాను. ఆయన గాలి పైపు చేతికి తీసుకుని, లారీ డ్రైవర్లను అడిగినంత గంభీరంగా అడిగాడు.

"ఎంత గాలి కొట్టల్ల బేటీ దీనికి?"

"దుమ్ము పోయేంత కొట్టు చాచా, రోంత దూరం నుంచి."

ఫ్యాను గిర్రున తిరిగి విరిగిపోకుండా రెక్కల మధ్య నా తలపిన్ను అడ్డం పెట్టాను. ఒక్క బుస్సుతో తెల్లటి మేఘం లేచి, చాచా గడ్డమూ నా తలా ఒకే రంగయ్యాయి.

తిరిగి బిగించి స్విచ్చి వేస్తే చప్పుడే లేదు. నేనే పూర్తిగా పాడు చేశాననుకున్నాను (బాగున్న ఫ్యాను చప్పుడు చేయదని అప్పటికి నాకు తెలియదు). అంతలో తెర వెలిగింది. కాగితాలు తీసుకుని లారీ వెళ్ళిపోయింది. పెద్దాయన మాత్రం కుర్చీ లాక్కుని నా వెనక కూచుని, గంటసేపు గడియారం చూస్తూ కదల్లేదు. పెట్టె ఆరలేదు. లేస్తూ గుమాస్తాతో, "ఆ మెకానిక్కుకు ఫోన్ చేసి చెప్పప్పా, మా పాప బాగు చేసిందని" అన్నాడు. తొడుగు సంగతి ఆయనకు చెప్పలేదు (ఎవరికైనా చెప్పడం ఇదే మొదటిసారి).

ఆ సాయంత్రం ముఖమైతే కడుక్కున్నాను గానీ, తల దులుపుకోవడానికి మనసొప్పలేదు. డోన్ రైలెక్కితే, చూపు సరిగా ఆనని ఓ ముసలామె పక్కకు జరిగి, "ఈడ కూచో అక్కా, ఈ వయసులో ఏం నిలబడతావు" అంది. నాకప్పుడు ఇరవై ఒకటి. సరిదిద్దకుండా మహారాణిలా కూచున్నాను.

ఇప్పుడు నా జుట్టు నిజంగానే నెరుస్తోంది. రంగు వేసుకోమని కూతురు పోరుతుంది. అద్దం ముందు నిలబడితే, ఒక్క పూటలో తల నెరిపించుకుని అంత గర్వంగా ఇంటికి పోయిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. కాస్త అసూయ కూడా.