చివరి రెండు ముక్కలు

మా ఆఫీసులో నెలకో శుక్రవారం ‘ఫన్ ఫ్రైడే’ పేరుతో ఒక తంతు జరుగుతుంది. ఆ మాట వింటేనే నాకు చీదర. హైటెక్ సిటీలో పదకొండో అంతస్తు క్యాంటీన్‌లో, గోడంత టీవీలో వీడియో గేమ్ పెట్టి, మధ్యాహ్నం మూడింటికి అందరినీ పోగేస్తారు. చల్లారి అట్టలా బిగుసుకున్న పిజ్జా. మయోనైజ్ వేళ్లతో అందరూ పట్టుకోవడంతో జిడ్డోడుతున్న రిమోట్లు. వాటిని ముట్టుకున్నాక నేను రెండుసార్లు చేతులు కడుక్కునేవాణ్ణి. వెళ్లకపోతే ‘టీమ్ స్పిరిట్ లేదు’ అంటారు కాబట్టి వెళ్లేవాణ్ణి.

ఆ గేమ్‌లో చిన్న చిన్న ఆటలు చాలా ఉన్నాయి. మా మేనేజర్‌కి ఇష్టమైంది ఒక్కటే, బొమ్మ అతికించే పోటీ. తెర రెండుగా చీలుతుంది. ఇద్దరికీ ఒకే బొమ్మ పదహారు ముక్కలై, చిందరవందరగా, తలకిందులుగా వస్తుంది. ఒక్కో ముక్కనీ తిప్పి సరైన గడిలో పెట్టాలి. ముందు పూర్తిచేసినవాళ్లు గెలిచినట్టు. తెర మీద ఓడినవాళ్ల తరఫు కార్టూన్ నెత్తిన పచ్చటి జిగురు పడుతుంది, ముక్కు చీదిన చప్పుడుతో. ఆ చప్పుడుకి అందరూ పడీపడీ నవ్వేవారు.

ఈ పోటీలో మేనేజర్ ఎప్పుడూ ఓడలేదు. అది ఆయన చేతివేగం వల్ల కాదు. గుర్రం తోక ఎటు ఉండాలో తేల్చుకోవడానికే ఆయనకు అర నిమిషం పడుతుంది. మేమే ఆగేవాళ్లం. రేటింగులూ ప్రమోషన్లూ ఆయన చేతిలో ఉన్నాయి మరి. ఎక్కడా రాసిపెట్టని ఈ పద్ధతిని కొత్తగా చేరినవాళ్ల చెవిన వేయడం టీమ్ లీడ్‌గా నా పని. కోడ్ ఎలా రాయాలో చెప్పినంత శ్రద్ధగా, ఎలా ఓడాలో కూడా చెప్పేవాణ్ణి.

ఆ నెల ఆయనకు పోటీగా మా టెస్టర్ అమ్మాయి కూర్చుంది. జీడిమెట్ల నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చేది. రెండేళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. పర్మనెంట్ చేస్తారో, పంపించేస్తారో ఆ నెలలోనే తేలాలి. వాళ్లమ్మ నర్సు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఇంటికి ఈ అమ్మాయి జీతమే ఆధారమని నాకు తెలుసు. డిజైన్ బొమ్మనీ, మేం తయారుచేసిన పేజీనీ పక్కపక్కన పెట్టి, ఒక గీత వెంట్రుకవాసి జరిగినా పట్టుకోవడం ఆమె పని. అలాంటి మనిషికి పదహారు ముక్కలు ఒక లెక్కా?

చేపల అంగడి బొమ్మ వచ్చింది. మేనేజర్ ఆరు ముక్కలు పెట్టేసరికి ఆమె పద్నాలుగు పెట్టేసింది. చప్పట్లు తగ్గిపోయాయి. ఈ అమ్మాయికి చెప్పలేదా అన్నట్టు అందరూ నావైపు చూశారు. ఇన్నాళ్లూ వెనక నిలబడి చూడ్డమే తప్ప తను ఆడింది లేదు, చెప్పడం నిజంగానే మర్చిపోయాను. వంగి ఆమె చెవిలో అన్నాను.

“కాస్త ఆగమ్మా. సార్‌ని గెలవనియ్యి. ఈ నెలే నీ పర్మనెంట్ సంగతి తేలేది.”

“నేను గెలిస్తే ఏమైతదన్నా?” అంది, తెర మీంచి చూపు తిప్పకుండా.

“చెప్పింది విను.”

విన్నది. మిగిలిన రెండు ముక్కల్లో ఒకదాన్ని పట్టుకుని ఉన్నచోటనే తిప్పుతూ కూర్చుంది. చేప కన్ను పైకి, పక్కకి, కిందికి, మళ్లీ పైకి. ఆయన తాపీగా పదహారో ముక్క పెట్టేదాకా అలా తిప్పుతూనే ఉంది. జిగురు పడింది.

“ఏంటమ్మా, టెస్టర్‌వి, రెండు ముక్కల దగ్గర ఫ్రీజ్ అయిపోయావ్?” అన్నాడు మేనేజర్. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పైగా గండం గట్టెక్కించానని నన్ను నేను మెచ్చుకున్నాను.

సోమవారం మీటింగ్. మేనేజర్, హెచ్‌ఆర్ ఆవిడ, నేను. ఖాళీ ఒకటే, పేర్లు రెండు. టెస్టర్ అమ్మాయి పేరు రాగానే మేనేజర్ “పనిమంతురాలేనండి, కానీ ప్రెషర్‌లో చేతులెత్తేస్తుంది. మొన్న చూశాం కదా, రెండు ముక్కలు పెట్టలేక ఆగిపోయింది” అన్నాడు. వేళాకోళం కాదు, నిజంగానే నమ్ముతున్నాడు. ఆ పోటీలన్నీ తానే గెలిచానని నమ్మే మనిషి, ఆమె చేతకాక ఓడిందని నమ్మడా!

“నేనే ఆగమన్నాను సార్” అంటే సరిపోయేది. మూడే మాటలు. కానీ ఆ మాట అంటే, ఆయన ఇన్నేళ్ల గెలుపులన్నీ మేం పెట్టిన భిక్ష అని మొహం మీదే చెప్పినట్టు. నా రేటింగ్ కూడా ఆయనే వేయాలి. హెచ్‌ఆర్ ఆవిడ “మీరేమంటారండీ?” అని నన్ను అడిగింది.

“అవునండీ, అప్పుడప్పుడు కొంచెం...” అన్నాను.

నోరు మూసుకుని ఊరుకున్నా కొంత నయంగా ఉండేది. ఊరుకోలేదు, వంత పాడాను. ఆవిడ టకటకా టైప్ చేసుకుంది. ఆ మధ్యాహ్నం బాక్స్ తెరిచి అన్నం ముందు కూర్చున్నాను. ఆయన మీద అసహ్యం నాకు పాతదే, దానితో అన్నం తినడం అలవాటైపోయింది. నా మీద నాకు పుట్టిన అసహ్యం కొత్తది. బాక్స్ అలాగే మూసేశాను.

ఆ కబురు చెప్పడం కూడా టీమ్ లీడ్ పనే. చిన్న మీటింగ్ రూమ్‌లో ఆమెను కూర్చోబెట్టి, కాంట్రాక్టు పొడిగించడం లేదని చెప్పాను.

“ఎందుకన్నా? నా పనిల తప్పేమన్న ఉన్నదా?”

“లేదమ్మా.”

“మరి ఏం రాసిన్రు?”

లాప్‌టాప్ ఆమెవైపు తిప్పాను. ఒత్తిడి ఎదురైతే సరైన నిర్ణయం తీసుకోలేని మనిషి అని ఇంగ్లీషులో ఉంది. రెండుసార్లు చదివింది.

“గా ఆట చూసేనా?”

“ఊఁ.”

“నువ్వే ఆగమన్నవని సార్‌కి చెప్పినవా?”

తల అడ్డంగా ఊపాను. ఆమె ఏడవలేదు, అరవలేదు. పేజీలో పొరపాటు దొరికితే నాకు ఎలా చూపించేదో, అలాగే ఆ వాక్యం మీద వేలు పెట్టింది.

“పేరు తప్పు పడ్డదన్నా” అంది. “ఇది నీ గురించి రాసిన్రు.”