కుక్కర్ విజిల్ ఉన్న క్యాసెట్

ఆ రోజుల్లో పాట అంటే సినిమా పాట, కాకపోతే దేవుడి పాట. కంప్యూటర్ ఆటలో వెనకాల వచ్చే సంగీతాన్ని పనిగట్టుకుని వింటానని చెబితే మా ఆఫీసు వాళ్లు నా వంక జాలిగా చూసేవాళ్లు. మాదాపూర్ రాళ్లగుట్టల మధ్య, కంప్యూటర్ కంపెనీల కోసమని ఒక గుండ్రటి పెద్ద బిల్డింగు అప్పుడప్పుడే లేచింది. దానికి కాస్త ఇవతల, ఇంకా సున్నం వాసన పోని ఒక మేడలో మా కంపెనీ. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు మరిచిపోతాయని లోకమంతా భయపడుతున్న కాలం (ఆ భయం పుణ్యమా అనే నాకు ఉద్యోగం వచ్చింది). పొద్దస్తమానం పాత ప్రోగ్రాముల్లో తేదీలు వెతికి సరిచేయడమే నా పని. అలాంటివాడికి సాయంత్రం ఇంటికి రాగానే ఒక కత్తివీరుడూ, ఒక నదీ, ఆ నది ఒడ్డున సన్నగా ఒక వేణువూ దొరికితే వదులుతాడా?

మదీనాగూడలో ఒక ఇంటి మేడమీద గదిలో ఉండేవాళ్లం, నేనూ, వరంగల్ వైపు నుంచి వచ్చిన మా రూమ్మేటూ. లైటు కాస్త మినుకుమంటే చాలు, పరుగెత్తుకెళ్లి స్టెబిలైజర్ మీద చెయ్యిపెట్టి చూసేవాడు కాబట్టి వాడి పేరు వోల్టేజ్. కంప్యూటర్ ఇద్దరిదీ, ఆట నాది, వంట వాడిది. నాకొక జబ్బుండేది. ఏదైనా సరే ఒరిజినల్ కావాలి. షాపులో ఏరి నింపించుకున్న పాటల క్యాసెట్టు కూడా నా దృష్టిలో కల్తీ సరుకే. నది ఒడ్డు సంగీతానికి అసలైన సీడీ ఒకటుందనీ, దాన్ని ఆట తయారుచేసినవాళ్లే విడిగా అమ్ముతారనీ ఏదో పత్రికలో చదివాను. మన దగ్గర దొరకదు. సింగపూర్ పనిమీద వెళ్తున్న ఆఫీసు మిత్రుణ్ణి బతిమాలుకుని తెమ్మన్నాను. అది వచ్చేదాకా బస్సులో వినడానికి ఏదో ఒకటి ఉండాలి కదా, అందుకని మనసు చంపుకుని దొంగ క్యాసెట్ తయారుచేశాను.

తయారీ విధానం చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. కంప్యూటర్ స్పీకర్ల ముందు టేప్‌రికార్డర్ పెట్టి, ప్లే, రికార్డు బటన్లు రెండూ కలిపి నొక్కి, ఊపిరి బిగబట్టి కూర్చోవడమే. (రెంటికీ మధ్య నేరుగా వైరు కలపొచ్చని తర్వాతెప్పుడో తెలిసింది. ముందే తెలిసుంటే ఈ కథే లేదు.) నది ఒడ్డున వీరుణ్ణి కదలకుండా నిలబెట్టాలి. కదిలితే రాక్షసులొస్తారు, వేణువు పోయి డప్పులు మొదలవుతాయి. ఎక్కువసేపు నిలబెట్టినా పొదల్లోంచి ఒక తోడేలు వచ్చి మీద పడుతుంది. ఆ రెంటి మధ్య దొరికినంత సంగీతమే మన ప్రాప్తం. రికార్డింగ్ మంచి పాకంలో ఉండగా మా కుక్కర్ కూతేసింది. వెంటనే వోల్టేజ్ గొంతు, "అన్నా, చాయ్ తాగుతవా?" నోరు మూసుకోమని చేత్తో సైగ చేసేలోపు తోడేలు రానే వచ్చింది. వీరుడు "ఆఁ!" అని కూలాడు. నేను ఆపుకోలేక "థూ, చచ్చినాడు!" అన్నాను. అంతా క్యాసెట్‌లోకి ఎక్కింది. మళ్లీ మొదటినుంచి చేసే ఓపిక లేక అలాగే ఉంచాను.

కింద ఓనరమ్మా, పురిటికి వచ్చి పుట్టింట్లోనే ఉన్న ఆమె కూతురూ ఉండేవాళ్లు. కూతుర్ని మేమిద్దరం అక్కా అనేవాళ్లం. బావది బొంబాయిలో ఉద్యోగం. అక్క టీచరు పరీక్షకు చదువుతోంది. కిందటిసారి కొద్దిలో పోయిందట, వయసు దాటిపోతుంది కాబట్టి ఇదే ఆఖరి అవకాశమట. చదవాలంటే పిల్ల నిద్రపోవాలి. ఆ పిల్ల, పేరు బుడ్డి, నిద్రకు బద్ధశత్రువు. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను మెట్లమీద కూర్చుని ఆ క్యాసెట్ పెట్టుకుని వింటుంటే కింద ఏడుపు టక్కున ఆగిపోయింది. ఓనరమ్మ బయటికొచ్చింది. సప్పుడు తగ్గించమంటుందేమోనని టేపు ఆపేశాను. ఏడుపు మళ్లీ మొదలైంది. "అయ్యో ఎందుకు బంద్ చేసినవ్ పిల్లగా? పెట్టు, పెట్టు!" అంది ఆవిడ. అంతే, ఆ క్యాసెట్ కింది ఇంటికి కాపురానికి వెళ్లిపోయింది. వేణువుకి బుడ్డి చూపు నిలిచేది, కుక్కర్ కూతకి కాలు ఒకసారి ఆడించేది, "చాయ్ తాగుతవా"కి రెప్పలు వాలేవి, వీరుడు చచ్చేసరికి నిద్రలో ఉండేది. "నీ తోడేలు సల్లగుండ తమ్మీ, రెండు పాఠాలు అయిపోయినయ్" అనేది అక్క.

పరీక్ష దగ్గరపడుతుండగా కింది ఇంటి టేప్‌రికార్డర్ ఆ క్యాసెట్‌ను నమిలేసింది. రీలు మొత్తం గుంజుకుని, ముడతలుపడి, తెగిపోయింది. పెన్సిలు పెట్టి తిప్పినా, గమ్ము పెట్టి అంటించినా వేణువు బదులు దెయ్యం మూలుగు వచ్చింది. ఇంకో కాపీ లేదు (దొంగ సరుక్కి మళ్లీ నకలెందుకని నేనే తియ్యలేదు). ఇక బుడ్డి విశ్వరూపం చూపించింది. అక్క ఒక చేత్తో పుస్తకం, ఒక చేత్తో పిల్ల, కళ్లకింద నల్లటి చారలు. "ఇగ నాతోని కాదు తమ్మీ, ఈసారి సుత పరీక్ష పోయినట్టే" అని గడపమీద కూలబడి ఏడ్చింది.

సరిగ్గా అప్పుడే సింగపూర్ మిత్రుడు దిగాడు, ఒరిజినల్ సీడీతో. అట్టమీద నది బొమ్మ, లోపల రంగుల పుస్తకం, ఏ వాద్యం ఎవరు వాయించారో పేర్లతో సహా. నా ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పలేను. "ఫికర్ చేయొద్దక్కా, ఇదీ అసలు సిసలు" అని అందర్నీ మేడమీదికి పిలిచి కంప్యూటర్‌లో పెట్టాను. అబ్బ, ఎంత స్వచ్ఛంగా ఉందో! వేణువు వెనకాల వయొలిన్లు, నీళ్ల గలగల. బుడ్డి శ్రద్ధగా వింది. ఒకచోట ఆగి, ఏదో రావలసింది రాలేదన్నట్టు అమ్మ మొహం చూసింది, నా మొహం చూసింది, పెదవి విరిచింది. తర్వాత ఎత్తుకున్న రాగానికి వీధి చివర కిరాణా కొట్టాయన కూడా బయటికొచ్చి చూశాడు.

"కుక్కర్ ఏదన్నా?" అన్నాడు వోల్టేజ్ పొట్ట పట్టుకుని నవ్వుతూ.

"ఒరిజినల్‌లో కుక్కర్ ఎందుకుంటుందిరా!"

"గట్లయితే నీ ఒరిజినల్ నువ్వే ఇనుకో. గా పిల్లకు నీ డూప్లికేటే ఒరిజినల్."

కోపమొచ్చింది కానీ వాడన్నది నిజమే. సరేనని మళ్లీ స్పీకర్ల ముందు టేప్‌రికార్డర్ పెట్టాం. అక్కడ ఇంకో చిక్కొచ్చిపడింది. ఈ మధ్యలో నేను ఆటలో ఆరితేరిపోయాను. తోడేలు రాగానే నా చెయ్యి నన్నడక్కుండానే కత్తి దూసేస్తోంది, తోడేలు చస్తోంది. "సావనియ్యరాదు వాన్ని!" అని వోల్టేజ్ వంటగట్టు దగ్గర్నుంచి అరిచాడు. ఆ అరుపు రికార్డయింది, మళ్లీ మొదలు. ఈసారి వీరుడు చచ్చాడు కానీ కుక్కర్ కూత ఆలస్యమైంది, మళ్లీ మొదలు. పప్పు మాడి, బియ్యం అయిపోయి, ఓనరమ్మ కింద నుంచి బియ్యం పంపించింది. చివరికి నా చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. వేణువు వచ్చింది, కూత వచ్చింది, చాయ్ వచ్చింది, తోడేలు వచ్చింది, వీరుడు పోయాడు. "థూ, చచ్చినాడు!" అన్నాను, ఈసారి సంతోషం పట్టలేక.

కింద క్యాసెట్ పెట్టి, ఓనరమ్మతో కలిసి ముగ్గురం తలుపు దగ్గర నిలబడ్డాం. కూతకి కాలు ఆడింది. చాయ్‌కి రెప్పలు వాలాయి. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, చప్పుడు చేయకుండా పుస్తకం తెరిచింది. ఆ సంవత్సరమే అక్క టీచరమ్మ అయింది. మిఠాయి డబ్బా మేడమీదికి తెచ్చి ఒక లడ్డూ నాకూ, ఒకటి వోల్టేజ్‌కూ ఇచ్చి, ఇంకొకటి కుక్కర్ మీద పెట్టి వెళ్లింది.

మొన్న అక్క ఫోన్ చేసింది. బుడ్డికి కొడుకు పుట్టాడట, వాడూ తల్లి బాపతేనట. "బుడ్డి నన్ను అడుగుతున్నది తమ్మీ, నాకు పెట్టిన పాట పెట్టమని. గా క్యాసెట్ బుడ్డి బడికి పోయేటప్పటికే అరిగిపాయె. నీ దగ్గరేమన్న ఉన్నదా?" ఇప్పుడు ఆ ఒరిజినల్ కోసం సింగపూర్ దాకా ఎందుకు, ఫోన్ మీద వేలు పెడితే చాలు, మళ్లీ కొత్తగా మెరుగులు దిద్దింది కూడా దొరుకుతుంది. గర్వంగా పంపించాను. బుద్ధి రాలేదన్నమాట. కాసేపటికి జవాబొచ్చింది. "మంచిగనే ఉన్నది తమ్మీ. కాని దీంట్ల మీరెవ్వరు లేరు గదా."

 వెంటనే మణికొండలో ఉంటున్న వోల్టేజ్‌కి ఫోన్ కొట్టి, ఆదివారం ఇంటికి రమ్మన్నాను. విషయం మొత్తం విని వాడు నవ్వలేదు. "కుక్కర్ పాతదే ఉన్నది, పట్టుకొస్త" అన్నాడు. ఇవాళ పొద్దున్నుంచి మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి నన్ను అదోలా చూస్తోంది. జుట్టు నెరిసిన మనిషిని, గోడవైపు తిరిగి "థూ, చచ్చినాడు" అని రకరకాలుగా పైకి అని చూసుకుంటున్నాను. ఆనాటి గొంతు రావడం లేదు.